చూసిన చోట కనబడలేదు

పోయిన మంగళవారం ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది. జన్యు పరీక్షల ల్యాబులో మా మేడం దగ్గర పనిచేసే అమ్మాయి. "సార్, మేడం లేరు. పొద్దుగాల గుండెపోటొచ్చింది. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపాయె" అని ఏడ్చింది. ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడకు చెప్పాను.

మా అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. పిల్ల ఈరోజు పుస్తకాల సంచీ మోసుకుని బడికి వెళుతోందంటే అది మేడం చలవే.

మేం విజయనగరం నుంచి వచ్చి చిలకలగూడలో ఉంటున్నాం. ఊరంతా సాఫ్ట్‌వేర్ అని పరిగెడుతున్న రోజుల్లో నేనూ ఆ గుంపులో పడి, ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే టెస్టర్ ఉద్యోగం సంపాదించాను. పిల్ల పుట్టిన కొన్ని నెలలకే దగ్గు మొదలైంది. ఎన్ని పాలు తాగినా ఒంటికి పట్టేవి కావు. మా అమ్మ ముద్దు పెట్టుకున్నప్పుడల్లా "ఏటిరా ఇది, పిల్ల నుదురు ఇంత ఉప్పగుంది?" అనేది. చెమటలే అమ్మా అని నేను కొట్టిపారేసేవాణ్ణి. పిల్లల డాక్టరు మాత్రం ఆ మాట వినగానే కుర్చీలో ముందుకు జరిగాడు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అని, ఊపిరితిత్తుల్నీ అరుగుదలనీ దెబ్బతీసే పుట్టుజబ్బు కావచ్చన్నాడు. చెమటలో ఉప్పు ఎంతుందో చూద్దామంటే పసిదాని ఒంట్లోంచి పరీక్షకు సరిపడా చెమట రాలేదు. అరుగుదలకు మందులిచ్చి, రోజూ వీపు తట్టి తెమడ వదిలించమని నేర్పి, జీన్ పరీక్షకు మేడం దగ్గరికి పంపాడు.

ఆవిడ బోయిగూడలో పుట్టి పెరిగిన మనిషి. అప్పటికే యాభై దాటాయి. తెల్లకోటు జేబులో ఎప్పుడూ ఒక ఫిర్కీ ఉండేది. స్టేషన్ బయట అమ్ముతారే, ఊదితే గిర్రున తిరిగే రంగుకాగితం బొమ్మ, అదే. దాన్ని ఊదుతూ పిల్లను మరిపించి రక్తం తీశారు. తరవాత మా అమ్మ వైపు తిరిగి, "అమ్మా, ముద్దు వెట్టుకుంటే ఉప్పగుంటదా?" అని అడిగారు.

"ఉంతాదమ్మా. నాను సెప్తే ఈడు ఇనడు" అంది మా అమ్మ, నన్ను చూపిస్తూ.

రిపోర్టు వచ్చింది. జీన్‌లో మార్పు లేదని రాసి ఉంది. జబ్బు లేదన్నమాటే అని ఎగిరి గంతేశాం. మందులు ఆపేశాం, వీపు తట్టడం మానేశాం, మూడు వాటాలకీ లడ్డూలు పంచాం. కింది వాటా ఆంటీ లడ్డూ తింటూ, "మంచిగయింది బాబూ. పొద్దుగాల్నే పిల్లను గట్ల దబదబ కొడ్తుంటే నా పానం పోయేది" అంది. అంతకాలం ఆవిడ మమ్మల్ని రాక్షసులనుకుందని అప్పుడు తెలిసింది.

ఆ వచ్చిన ఆదివారం మేడం అడ్రసు వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చారు. గుమ్మం బయట చెప్పులు విడిచి, కుర్చీ వేస్తే వద్దని నేలమీదే కూర్చున్నారు. మా ఆవిడ లడ్డూ పెట్టింది. ముట్టుకోలేదు. పిల్లను ఒళ్లోకి తీసుకుని నుదుటిమీద ముద్దు పెట్టుకున్నారు. నాలుకతో పెదవులు తడుపుకుని చూశారు.

"పెద్దమ్మా, నువ్వు జెప్పిందే నిజం. నా రిపోర్టే తప్పు" అన్నారు.

ఆవిడే మెల్లగా చెప్పుకొచ్చారు. "మన ఒంట్ల కణాలకు సన్న తలుపులుంటయి. ప్రొటీన్‌తోని చేసిన తలుపులు. ఉప్పు ఆడికెళ్లే పోవాలె, దానెంబడి నీళ్లు పోవాలె. ఆ తలుపు ఎట్ల చెయ్యాల్నో జీన్‌ల రాసుంటది. రాతల తప్పువడ్తే తలుపు సరిగ తయారుగాదు, చెమటల ఉప్పు మిగుల్తది, లోపల తెమడ గట్టివడ్తది. బయటి దేశాలల్ల ఎక్కువ కనబడే తప్పు ఒకటుంది. నేను గదొక్కటే చూసిన. గది కనబడలేదని, అసలు మార్పే లేదని రాసిన. మిగిలిన జీన్ చూడనే లేదు. అమ్మ చెప్పిన మాట మనసుల గుచ్చుకుంటనే ఉండె. మందులు ఇయ్యాల్నే షురూ చెయ్యుండ్రి."

నాకు ఒళ్లు మండిపోయింది. "పసిపిల్ల ప్రాణంతో ఆటలా మేడం?" అని అరిచాను. ఆవిడ తల వంచుకుని అంతా విన్నారు. ఒక్క సాకూ చెప్పలేదు. నా అరుపులు అయిపోయాక నాకే సిగ్గేసింది. ఒక్క బటన్ నొక్కి చూసి ప్రోగ్రాం అంతా బాగుందని రాసే కుర్రాళ్లను రోజూ తిట్టేవాణ్ణి నేనే. ఆ కాగితం చేతికొచ్చినప్పుడు ఏం వెతికారని ఒక్క మాట అడిగానా? అడగలేదు. లడ్డూలు కొనడానికి పరిగెత్తాను.

ఈలోగా మా అమ్మ అందుకుంది. "మా వొంశంలో ఇలాటి రోగం నేదు, కోడలి వేపునుంచే వొచ్చుంతాది" అని. మేడం నవ్వారు. "తల్లి ఒక తప్పు, తండ్రి ఒక తప్పు, చెరొకటి ఇస్తేనే వస్తది పెద్దమ్మా గీ బీమారి. కొట్లాటకు జాగా లేదు." మా ఇంట్లో ఎవరు తగువు పడ్డా ఇప్పటికీ ఆ మాటే వాడతాం. వెళ్లేముందు అరచెయ్యి దొప్పలా వంచి వీపు ఎలా తట్టాలో మాకు మళ్లీ చూపించారు. దారిలో కింది వాటా ఆంటీకి కూడా చెప్పి వెళ్లారు, అది కొట్టడం కాదని.

ఆ వానాకాలం మొదలుపెట్టి ఎండాకాలం దాకా ఆ జీన్‌ను ముక్కముక్కగా చదివారు. వెళ్లినప్పుడల్లా "ఇంకా దొరకలే బాబూ" అనేవారు. చివరికి రెండు తప్పులూ దొరికాయి, మా ఆవిడ ఇచ్చినదీ, నేనిచ్చినదీ. తెలిసి మాత్రం ఏం లాభం మేడం, మందు లేదుగా అన్నాను ఒకసారి. "తలుపు బాగుచేసే మందుకోసం ఎక్కడెక్కడనో పని చేస్తున్నరు. వచ్చేనాటికి మన తలుపు ఏడ చెడ్డదో మనకు తెలిసుండాలె గద! అప్పటిదాకా దీని ఊపిరి జెర పైలంగ కాపాడుదాం" అన్నారు. పిల్లకు ఊదడం వచ్చినప్పటినుంచి, వెళ్లినప్పుడల్లా దాని చేత ఫిర్కీ ఊదించేవారు. పోయినసారికన్నా ఎక్కువసేపు తిరిగితే చప్పట్లు కొట్టేవారు.

శనివారం ల్యాబులోనే సంతాపసభ పెడితే పిల్లతో ముగ్గురం వెళ్లాం. మేడం బల్లమీద అద్దం కింద మా పాత రిపోర్టు ఉంది. "మార్పు లేదు" అన్న మాటను ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన "చూసిన చోట కనబడలేదు" అని ఆవిడ చేతిరాత. "గప్పటిసంది ఏ రిపోర్టుల గూడ ఉత్తగ లేదని రాయనియ్యలే సార్. ఎంతవరకు చూసినమో రాయాల్సిందే" అంది ఆ ఫోన్ చేసిన అమ్మాయి. ఎనిమిదేళ్లకు పైగా ఆవిడ ఆ కాగితాన్ని ఎదురుగా పెట్టుకుని పనిచేశారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

బయట వరండాలో బెంచీమీద ఒకావిడ చంటిబిడ్డతో కూర్చుని ఉంది. చేతిలో రిపోర్టు. బిడ్డ దగ్గుతోంది. "సార్, గిండ్ల చూసిన చోట కనబడలేదని రాసిండ్రు. అంటే ఇంకా వెతుకుతరా?" అని నన్నడిగింది.

నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి అందుకుంది. "వెతుకుతారు ఆంటీ. నాదీ ఫస్ట్ దొరకలేదు. తరవాత దొరికింది."

ఆవిడ పక్కకు జరిగి చోటిచ్చింది. మా అమ్మాయి కూర్చోలేదు. "పాపక్కూడా నాలాంటి జబ్బే అయితే దగ్గరికి రాకూడదు. ఒకరి దగ్గులో క్రిములు ఒకరికి అంటుకుంటాయని మేడం చెప్పారు" అని వరండా అవతలి చివరకు వెళ్లి నిలబడింది. సంచీలోంచి మేడం ఇచ్చిన ఫిర్కీ తీసి, గుండెలనిండా గాలి పీల్చుకుని ఊదింది. ఎర్రా పచ్చా కలిసిపోయి తిరుగుతుంటే బిడ్డ దగ్గు మరిచిపోయి కిలకిలా నవ్వింది. ఊదడం ఆపాక కూడా అది చాలాసేపు తిరుగుతూనే ఉంది.