పాత కంప్యూటర్‌కు బ్రౌజర్ వెతికిన రోజు

ప్రొద్దుటూరులో పెళ్లికార్డులు, పెద్దకర్మ పత్రికలు, కరపత్రాలు తయారుచేసే చిన్న అంగడి నాది. అందులో ఉన్నది ఒక్కటే కంప్యూటర్. దాని వయసు అడిగితే నాకే సిగ్గు. కొత్తది కొనలేక కాదు. తెలుగు అక్షరాలు కొట్టే మా సాఫ్ట్‌వేర్ ఆ పాత విండోస్‌లో తప్ప నడవదు. కంప్యూటర్ వెనక గుచ్చే చిన్న ప్లాస్టిక్ కీ ఒకటుంటుంది. అది లేకపోతే తెర మీద ఒక్క అక్షరం పడదు. దాన్ని కొత్త మిషన్‌కు గుచ్చితే గుర్తుపట్టదు. తయారుచేసినవాళ్లు ఫోనెత్తడం మానేసి చాలా ఏళ్లయింది. ఈ పని చేసే నాలాంటివాళ్లు శానామంది ఇలాగే ముసలి మిషన్లను పట్టుకుని వేలాడుతున్నారు.

ఆ కంప్యూటర్‌లో పెళ్లికార్డులు కాక ఇంకొకటి ఉండేది. జమ్మలమడుగులో, క్రైస్తవ మిషన్ వాళ్ల బడిలో నాకు తెలుగు చెప్పిన ఐవారు రిటైరయ్యాక మా సీమ మాటలన్నీ ఏరి నిఘంటువు రాయడం మొదలుపెట్టారు. ఆదివారం చర్చి నుంచి బయటికొచ్చే ముసలివాళ్లను, సంతలో గొర్రెలు అమ్మేవాళ్లను, ఖాజీపేట వైపు రైతులను ఆపి అడిగి మరీ రాసుకునేవారు. ప్రతి శనివారం బస్సెక్కి నాలుగైదు కాగితాలు తెచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చునేవారు. నేను కొట్టేవాణ్ణి. పదకొండేళ్లు అలా నడిచింది.

మా అంగడిలో ఒక అలవాటుంది. కొట్టడం అయిపోయిన కాగితం మీద మూలనుంచి మూలకు అడ్డగీత గీసి, ప్రింటర్ పక్క దొంతరలో పడేస్తాం. వెనకవైపు తెల్లగానే ఉంటుంది కాబట్టి దాని మీద పెళ్లికార్డుల ప్రూఫులు తీసి, తప్పులుంటే చూసుకొమ్మని గిరాకీల చేతికిస్తాం. ఐవారి కాగితాలకూ అదే మర్యాద జరిగేది. ఆయన కళ్ల ముందే గీత గీసేవాణ్ణి. "కంప్యూటర్లో భద్రంగా ఉండాయి గదా సార్" అంటే తలూపేవారు.

ఒకప్పుడు కార్డులో వేయాల్సిన మ్యాటర్ కాగితం మీద వచ్చేది. ఇప్పుడందరూ ఫోన్లోనే పంపుతారు. దాన్ని కంప్యూటర్లో తెరుద్దామంటే బ్రౌజర్ మొరాయించడం మొదలుపెట్టింది. మీ బ్రౌజర్ పాతది, కొత్తది పెట్టుకోండి అంటుంది. కొత్తది పెట్టబోతే మీ విండోస్ పాతది అంటుంది. ఈ కిటికీ కాదు ఆ కిటికీ అని తిప్పే ఆఫీసులకూ దీనికీ తేడా లేదు.

పెళ్లిళ్ల కాలంలో ఒక శనివారం పొద్దున, పెండ్లిమర్రి నుంచి వచ్చిన పెళ్లికొడుకు మామ నా నెత్తిమీద నిలబడ్డాడు. "ఏందప్పా, ఒక్క కార్డు తెరవడానికి ఇంతసేపు ఏం చేస్తాండావు?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పాత కంప్యూటర్లకు సురక్షితమైన బ్రౌజర్ అని కొట్టి వెతికాను. మొట్టమొదట వచ్చినదాని మీద పచ్చటి తాళంకప్ప బొమ్మ ఉంది.

స్టూలు మీది నుంచి ఐవారు వంగి చూశారు. "ఎవురప్పా వాళ్లు? మనకు తెలిసినోళ్లేనా?"

"సురక్షితం అని రాసుండాది గదా సార్, తాళం బొమ్మ చూడండి" అని నొక్కేశాను. నాకు అక్షరాలు నేర్పిన మనిషికే అక్షరం చూపించి నోరు మూయించాను. తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కార్డు తెరుచుకుంది. పెళ్లివాళ్లు ప్రూఫు తీసుకుని పోయారు. తర్వాత ఐవారి ఫైలు తెరవబోతే తెరుచుకోలేదు. దాని పేరు చివర ఏదో పిచ్చి తోక చేరింది. అన్ని ఫైళ్లకూ అదే తోక. డి డ్రైవ్‌లో ఇంకో కాపీ దాచానని నాకు ధీమా ఉండేది. అదీ పోయింది. రెండు డ్రైవ్‌లూ ఒకే డబ్బాలోవే, దొంగ ఇంట్లో దూరాక రెండు గదులూ వాడివే. ఫైళ్లు మళ్లీ తెరుచుకోవాలంటే డబ్బు పంపమని తెర మీద ఇంగ్లీషులో బెదిరింపు వచ్చింది. "వస్తాయిలేప్పా, నిదానంగా చూడు" అని ఐవారు లేచి బస్సుకు వెళ్లారు.

డబ్బాను పులివెందులలో పేరున్న మెకానిక్ దగ్గరికి మోసుకుపోయాను. అతను రెండు రోజులు చూసి పెదవి విరిచాడు. "ఇంగ రావప్పా. పాత మిషన్లకు పనికొచ్చే బ్రౌజర్ యాడా లేదనుకుంటివా? ఉండాది. దాన్ని ఇప్పటికీ బాగుచేస్తా ఉండేవాళ్లు ఉండారు, వాళ్ల సైట్లో నుంచే దించుకోవాల. అయినా ఇట్లాంటి మిషన్‌కు నెట్టు యాల తగిలించినావు? వేరేదాంట్లో తెరిచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోకూడదా?" అని పావుగంటలో ఆ బ్రౌజర్ పెట్టిచ్చాడు. అది ఈ రోజుకీ చక్కగా పనిచేస్తోంది. నాకు మంట అక్కడే.

ఇక మిగిలింది ఐవారు చేత్తో రాసిన కాగితాలు. దొంతర అడుగుదాకా చూస్తే ఆయనది ఒక్కటీ లేదు. అన్నీ ప్రూఫులై ఊళ్లు పట్టుకుపోయాయి. గిరాకీల ఫోన్ నంబర్లు చూసుకుని మూడు ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగాను. ప్రూఫు కాగితం ఎవరు దాచుకుంటారు? కొందరు నవ్వారు, కొందరు నాకు మతి తప్పిందనుకున్నారు. చివరికి పులివెందులలో ఒకామె, తన పేరు మొదటిసారి అచ్చులో చూసుకున్న కాగితమని పెళ్లి ఆల్బంలో పెట్టుకున్న ప్రూఫు తీసిచ్చింది. తిప్పి చూస్తే ఐవారి దస్తూరీ.

అది పట్టుకుని జమ్మలమడుగు పోయి, ఉన్న సంగతంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని గంప, గుంటక, గెనిమ, గొర్రు అని చివరిదాకా మెల్లగా చదివారు. ఆ మాటల మీదుగా నా అడ్డగీత నల్లగా కనిపిస్తూనే ఉంది.

"మళ్లీ మొదలుపెడదాం సార్. దీన్ని ఈరోజే కొడతాను, ఈసారి పెన్‌డ్రైవ్‌లో కూడా పెడతాను" అని చెయ్యి చాపాను.

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "వద్దులేప్పా. కొట్టినాక నువ్వు మళ్లా గీత గీస్తావు. ఇది నా కాడే ఉండనీ."

ఆ తర్వాత ఏ శనివారమూ ఆయన ప్రొద్దుటూరు బస్సెక్కలేదు.