లలితమ్మ ముగ్గేసి గెల్చుకున్న అర్ర

ఖిల్లా ఘణపూర్‌ల కోట గుట్ట దిక్కు పోయే తొవ్వల నీలం తలుపుల ఇల్లు లలితమ్మది. బొంతలు కుట్టుట్ల లలితమ్మ చెయ్యే చెయ్యి అని నాలుగూర్లోళ్లు అంటరు. ఆ మాట సగమే నిజం. బొంత కుట్టేది లలితమ్మా, కుల్సుమ్‌బీ ఇద్దరు. బొంత పరిచేది లలితమ్మ అరుగు మీద గాబట్టి పేరు ఆమెకు వచ్చింది. కుల్సుమ్‌బీ ఇల్లు రెండిండ్లు దాటినంక ఉంటది. ముప్ఫై ఏండ్ల సంది వాళ్ల పద్ధతి ఒక్కటే. పాత చీరలు నాలుగు మడతలేసి పరుస్తరు. ఒకామె ఈ కొసకు, ఒకామె ఆ కొసకు ఎదురెదురుంగ కూసుంటరు. ఎవరి దిక్కు నుంచి వాళ్లు కుట్టుకుంట ముందలికి జరుగుతరు. నడిమిట్ల ఇద్దరి మోకాళ్లు తాకినయంటె బొంత అయిపోయినట్టు.

వినెటోళ్లకు మంచిగనే ఉంటది, కుట్టెటోళ్లను అడగాలె. అరుగు మీద పరిచిన బొంత మీద కోడి నడుస్తది, దుమ్ము పడ్తది, పోయే వచ్చేటోళ్లంతా ఆగి రంగులు బాగలేవని చెప్పి పోతరు. పోయిన చలికాలం ఎవరిదో మేక వచ్చి ఒక మూల బుక్కింది. “దానికి గూడ చలి పెట్టినట్టుంది చెల్లె” అన్నది కుల్సుమ్‌బీ. లలితమ్మకు నవ్వు రాలే. ఆ మూలంత విప్పి మళ్ల కుట్టింది ఆమెనాయె.

అందుకే ఆమెకు ఒక అర్ర గావాలె. కుట్టుడు కోసమని ఒక అర్ర, తలుపేస్తె మేక రానిది. అట్లాంటి అర్ర ఇంట్ల లేక గాదు. ఎడమ దిక్కు పన్నెండు అడుగుల పొడుగు, పది అడుగుల వెడల్పు, తూర్పుకు కిటికీ, పొద్దుగాలనే మంచి వెలుగు. అండ్ల ఉండేది మాత్రం కిష్టయ్య సామాను. మందు కొట్టే పంపులు రెండు, ఒకటి పనిచేసేది, ఒకటి చెయ్యనిది. పైపు చుట్టలు. కాలిపోయిన స్టార్టర్ డబ్బా. వానకాలమైతె పత్తి, ఎండకాలమైతె పల్లికాయ.

కిష్టయ్య లలితమ్మ పెనిమిటి. చెడ్డోడు గాదు. ఇయ్య అని ఏనాడు అనలే, అదే పెద్ద పరేషాన్. “ఈ పత్తి పోనియ్యి, అర్ర నీదే” అంటడు. పత్తి పోంగనే పల్లి వస్తది. “ఈ పల్లి పోనియ్యి” అంటడు. ఇట్ల పన్నెండేండ్లు గడిచినయి. పత్తి పల్లి రెండు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని ఆ అర్రల కాపురం చేస్తున్నయి, లలితమ్మ అరుగు మీద ఉన్నది.

ఈసారి మాత్రం ఆమె ఊకోదల్చుకోలే. కుల్సుమ్‌బీ బిడ్డ నిషాత్ తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. ఇంక నెల దినాలే. తల్లీ పిల్లా పండేటందుకు బొంత గావాలె. దానికి కుల్సుమ్‌బీ వాళ్ల అమ్మ చీరలు ఎనిమిది తీసి పెట్టింది. ఆ ముసలామె పోయి ఏడేండ్లాయె. ఉతికి ఉతికి చీరలు అరచేతిల వెన్న తీరుగున్నయి. మేక బుక్కితె మళ్ల తెచ్చుకునే చీరలు గావవి. వాటిని అరుగు మీద పరిచేది లేదని లలితమ్మ ఒట్టు వెట్టుకున్నది.

కోడలు శ్రుతి నాగర్‌కర్నూల్ పిల్ల. అత్త బాధ చూసి ఫోన్ల వీడియోలు పెట్టి చూపించింది. ఏ దేశమో ఏమో, ఒకామె కుట్టుడు అర్ర. గోడకు దారం ఉండలు రంగు రంగులుగ వరస పెట్టి ఉన్నయి. కత్తెర్లకు ఒక మేకు, టేపుకు ఒక మేకు. నిలవడి బట్ట కత్తిరించేటందుకు నడుమంత ఎత్తు టేబుల్. ఇస్త్రీకి ఇంకో టేబుల్. ముక్కలు పెట్టుకునే డబ్బాలు, ఒక్కోదానికి ఒక్కో చీటి. లలితమ్మ చూసిందే చూసింది. అన్నం పొంగి పొయ్యిల పడ్డా లేవలే. “ఆమెకు పెనిమిటి ఉన్నడా?” అని మాత్రం అడిగింది. వీడియోల యాడా కనబడలేదని శ్రుతి చెప్పింది. “అందుకే అర్ర ఖాళీగున్నది” అన్నది లలితమ్మ.

పత్తి అమ్మిన తెల్లారి అర్ర ఖాళీ అయింది. పల్లికాయ సంచులు పొద్దుమీకి వస్తయి. నడుమ ఒక్క దినం. కిష్టయ్య చేనుకు పోంగనే అత్తా కోడలు పంపులు, పైపులు, స్టార్టర్ డబ్బా అన్నీ తీసి పశువుల కొట్టంల పెట్టిన్రు. అర్ర ఊడ్చిన్రు, కడిగిన్రు. యాడ ఏం పెట్టాల్నో కాయితం మీద గీద్దామని శ్రుతి పెన్ను తెచ్చింది. లలితమ్మకు కాయితం మీద ఏం అంతు పట్టలే. ఇంత టేబుల్ అంత చిన్నగ గీస్తె ఎట్ల తెలుస్తది? పోయి ముగ్గు డబ్బా తెచ్చుకున్నది. ఆ చెయ్యికి ముగ్గు కంటె బాగ తెల్సిన విద్య లేదు. కిటికీ కింద కాలు మిషిన్, దాని ముందల కుర్చీ, గోడ పొంటి ఇస్త్రీ టేబుల్, ఈ మూలకు చీరల పెట్టె, ఆ మూలకు ముక్కల డబ్బాలు, నట్ట నడుమ కటింగ్ టేబుల్. అన్నిటిని ఎంతవాటిని అంత, మూర పెట్టి కొలిచి ముగ్గుతోని గీసింది. చెయ్యి ఊకోక టేబుల్ నాలుగు మూలలకు నాలుగు పూలు గూడ ఏసింది.

పొద్దుమీకి కిష్టయ్య భుజం మీద పల్లికాయ సంచితోని వచ్చిండు. కడప కాడ కాలు లేపిండు, కిందికి చూసిండు, కాలు ఎనకకు తీసుకున్నడు. ఇంట్ల ముగ్గును తొక్కెటోడు గాదాయన.

“ఇదేందే?”

“నా అర్ర” అన్నది లలితమ్మ.

“ముగ్గెందుకేసినవ్?”

“మిషిన్ యాడ వస్తదో చూద్దామని.”

సంచి బరువుకు కిష్టయ్య మెడ వంకర పోతున్నది. ఎటు అడుగేద్దామన్నా ఏదో ఒక గీత ఉన్నది. రెండు నిమిషాలు నిలవడి, ఇగ చేతగాక సంచి తీస్కపోయి తను పండే మంచం కింద పెట్టిండు. దాని ఎనక పద్నాలుగు సంచులు గూడ అక్కడ్నే, మంచం చుట్టూ. నిజం చెప్పాల్నంటె లలితమ్మ అర్ర గెలవాలని ముగ్గెయ్యలే, కొలత కోసమే ఏసింది. ఇంత అల్కగ అయితదని ముందే తెలిస్తె పన్నెండేండ్లు బతిమాలుడెందుకు, పత్తి పోయిన మొదటేడే ఏసేదుండె అనుకున్నది.

తెల్లారి కుల్సుమ్‌బీని చెయ్యి పట్టుకొని తీస్కొచ్చి కడప కాడ నిలవెట్టింది. ఇది మిషిన్, ఇది టేబుల్, ఇది పెట్టె అని ఒక్కోటి చెప్పింది. కుల్సుమ్‌బీ అన్నిటిని చూసింది. “మంచిగుంది చెల్లె, మస్తుగుంది” అని, పొయ్యి మీద పాలున్నయని ఎల్లిపోయింది.

ఆ దినం మళ్ల రాలే. రెండో దినం రాలే, మూడో దినం రాలే. ముప్ఫై ఏండ్లల్ల పండుగలకు, జరాలకు తప్ప ఆమె మూడు దినాలు రాకుంట ఉన్నది లేదు. శ్రుతిని పంపిస్తె మోకాళ్లు గుంజుతున్నయని చెప్పి పంపింది. కాన్పు ముందలికి ఉరుకుతున్నది, బొంతకు ఒక్క కుట్టు పడలే.

నాలుగో దినం లలితమ్మకు ఓపిక అయిపోయింది. ఒక్కదాన్నే మొదలు పెడ్త అని ఎనిమిది చీరలు తీస్కొని అర్రలకు పోయి నిలవడ్డది. యాడ పరచాలె? ఈ దిక్కు పరిస్తె కటింగ్ టేబుల్ మీద పడ్తది. ఆ దిక్కు జరిపితె ఇస్త్రీ టేబుల్ అడ్డం. పొడుగుకు పరిస్తె కొస కడప అవతలకు పోతది. చీరలు చేతుల పట్టుకొని గీతల నడుమ గిర్ర గిర్ర తిరిగింది. బొంతల కోసం అర్ర తీసుకొని, అర్ర నిండ అన్నీ పెట్టుకొని, బొంతకు జాగ లేకుంట చేసుకున్నది. అప్పుడు కండ్లు కుర్చీ మీద పడ్డయి. మిషిన్ ముందల గీసిన కుర్చీ. అర్ర మొత్తంల కూసునేటందుకు గీసింది అదొక్కటే.

లలితమ్మకు మస్తు సిగ్గైంది. చీరలు కిటికీల పెట్టి, చెప్పులు గూడ ఏసుకోకుంట రెండిండ్లు దాటి పోయింది.

కుల్సుమ్‌బీ ఎల్లిగడ్డలు ఒలుస్తున్నది. తల లేపలే. “మిషిన్ మీద నువ్వొక్కదానివే కుట్టుకోవచ్చు చెల్లె. జల్ది అయితది. నాకు గూడ పెయ్యి సహకరిస్త లేదు” అన్నది.

లలితమ్మ ఆమె ముందల కూలవడ్డది. ఒక ఎల్లిగడ్డ తీస్కొని ఒలుసుకుంట, “అక్కా, నాకు లేనియి ఏమేమున్నయో అవన్నీ గీసిన. టేబుల్ లేదు, గీసిన. డబ్బాలు లేవు, గీసిన. నువ్వు ఉన్నవ్ గద. అందుకే నిన్ను గియ్యాలని తోచలే. తప్పైంది” అన్నది.

కుల్సుమ్‌బీ చేతిల ఎల్లిగడ్డ పక్కకు పెట్టింది. చెంగుతోని కండ్లు తుడుసుకొని, “ఎల్లిగడ్డ ఘాటు” అన్నది. “అవును, నాకు గూడ” అన్నది లలితమ్మ. తర్వాత ఇద్దరు లేచి వచ్చిన్రు.

లలితమ్మ పొరక తీస్కొని నడుమ కటింగ్ టేబుల్‌ను ఊడ్చేసింది. పూలు గూడ పోయినయి. ఇస్త్రీ టేబుల్‌ను ఊడ్చింది. మిషిన్‌ను, పెట్టెను, డబ్బాలను గోడలకు నెట్టి గీసింది. నడుమంత నేల మిగిలింది. ఈ కొసకు తన కోసం గుండ్రంగ ఒక సున్న చుట్టి, ముగ్గు డబ్బా కుల్సుమ్‌బీ చేతుల పెట్టింది. “ఆ కొసకు నీ జాగ నువ్వు గీసుకో.”

“నాకు ముగ్గు రాదు.”

“కూసునేటందుకు ముగ్గెందుకు రావాలె? నువ్వు పట్టేంత గియ్యి, సాలు.”

కుల్సుమ్‌బీ చిటికెడు పిండి తీస్కొని, ఊపిరి బిగబట్టి గీసింది. ఒక దిక్కు ఉబ్బింది, ఒక దిక్కు లోపలికి పోయింది, కొసలు కలవలే. “పెద్దత్తా, ఇది వంకాయ” అని శ్రుతి పక్కుమన్నది. కుల్సుమ్‌బీ ఆ వంకాయల కూసొని చూసుకున్నది. సరిగ్గ సరిపోయింది.

అంతల్నే కిష్టయ్య వచ్చి కడప కాడ నిలవడ్డడు. మంచం చుట్టూ సంచులు పెట్టుకొని నాలుగు దినాల సంది కాలు చాపలేక ఉన్నడు. నడుమ నేల చూసి ఆయన మొఖం విచ్చుకున్నది. “వదినె, గింత జాగ ఖాళీగున్నది గద, నాలుగు సంచులు పెట్టుకుంటె ఏమైతది?” అని కుల్సుమ్‌బీ దిక్కు చూసిండు. ఆమె అయితె కాదనదని ఆశ.

“అది ఖాళీ గాదు మరిది, అది బొంత” అన్నది కుల్సుమ్‌బీ.

బొంత పద్దెనిమిది దినాలల్ల అయింది. ఇద్దరి మోకాళ్లు నడుమ తాకిన దినమే నిషాత్‌కు నొప్పులొచ్చినయి, వనపర్తి దవాఖానకు తీస్కపోయిన్రు. ఆడపిల్ల. ముత్తవ్వ చీరల మీద పండి, వచ్చెటోళ్లను పోయెటోళ్లను గుడ్లు మిటకరించి చూస్తున్నది.

ఆ అర్రల ఇప్పటికీ కటింగ్ టేబుల్ లేదు. కిష్టయ్య పల్లికాయ అమ్ముకున్నడు, పైపులు కొట్టంల్నే ఉన్నయి. కుల్సుమ్‌బీ కూసొని లేస్తె ముగ్గంత చెరిగి ఆమె చీరకు అంటుకుంటది. ఎనక తెల్లగ కొట్టుకొని ఇంటికి పోతుంటె, యాడికెల్లి వస్తున్నదో వాడంతటికి తెలుస్తది. తెల్లారి వాకిట్ల ముగ్గేసినంక లలితమ్మ లోపలికి వచ్చి ఆ కొసకు ఇంకొకటి ఏస్తది. రథం ముగ్గులు, పద్మాలు ఏసిన చెయ్యి అది. కానీ అక్కడ మాత్రం ఒక దిక్కు ఉబ్బిచ్చి, ఒక దిక్కు లోపలికి నొక్కి, కొసలు కలపకుంట, కుల్సుమ్‌బీ ఎట్ల గీసిందో అట్లనే గీస్తది.