తిరిగొస్తానని రుజువు

అప్పట్లో మా ఆలూరులో పాస్‌పోర్టు చేతికొచ్చిన కుర్రవాణ్ని కొత్త పెళ్ళికొడుకును చూసినట్టు చూసేవాళ్ళు. నాకు ఇరవైమూడేళ్ళు. మా పెదనాయన ఎరువులు, పురుగుమందుల అంగట్లో ఆయనకు తోడుగా కూర్చునేవాణ్ని. మందులు బాగా అమ్మినందుకు ఒక కంపెనీ మా అంగడికి వారం రోజుల లండన్ యాత్ర బహుమానంగా ఇచ్చింది. బయట మంచినీళ్ళు కూడా ముట్టని పెదనాయన తనకొద్దని, నన్ను పొమ్మన్నాడు. అందరూ నా అదృష్టమన్నారు. నేను తిరిగి రాదలచుకోలేదని మాత్రం ఎవరికీ తెలీదు. నాతో చదివిన పత్తికొండ స్నేహితుడు అక్కడ హోటల్లో పనిచేస్తున్నాడు. వచ్చెయ్యి, మిగతాది నేను చూసుకుంటానని ఫోన్లో చెప్పాడు.

అయితే వీసా కావాలంటే తిరిగొస్తానని రుజువు చూపించాలట. (రాకూడదనుకున్నవాడు ఆ రుజువులు ఎంత భక్తిగా పోగుచేస్తాడో నన్ను చూసి తెలుసుకోవాలి.) అంగడి లైసెన్సు, రేషన్ కార్డు, పొలం పాసుపుస్తకం నకలు, వాటిమీద సంతకాలు, ముద్రలు, ఏదీ వదల్లేదు. ఇవి చాలవేమోనని వీసా ఇంటర్వ్యూకు పెదనాయన కూడా నాతో మద్రాసు బయల్దేరాడు. ఆఫీసు గేటు దగ్గర ఆయన్ని ఆపేశారు. "మావాడు వస్తాడు సార్, నాది పూచీ" అని ఆ కాపలా మనిషికే చెప్పి, రోడ్డుకు అవతల నీడలో నిలబడ్డాడు. నేను వెనక్కి తిరిగి చూడలేకపోయాను.

లోపల ఒక దొర, పక్కన ఆయన మాట తెలుగులో చెప్పే ఒకామె. బట్టీపట్టిన జవాబులన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆయన కాగితాల కట్ట పక్కకు జరిపి, లండన్ నుంచి ఊరికి తిరిగెళ్ళాక మొట్టమొదట ఏం పని చేస్తావని అడిగించాడు. దానికి జవాబు తయారుచేసుకోలేదు, అందుకే నిజం వచ్చేసింది.

"సీసాల మీద పేర్లు చదవాల సార్. మా పెదనాయనకు చూపు ఆనదు. పోయినేడు నేను అంగట్లో లేనప్పుడు పురుగుమందనుకొని కలుపుమందు ఇచ్చినాడు. ఒకాయన చేనంతా మాడిపోయింది. వానొస్తే రైతులంతా ఒక్కసారే వస్తారు. ఆ పొద్దు నేనుండాల."

అడక్కపోయినా ఇంకా చెప్పుకుపోయాను. మాడిన చేను గట్టున పెదనాయన చేతులు కట్టుకొని ఆ రైతు ముందర నిలబడ్డాడని కూడా చెప్పాను. ఆమె అదంతా ఇంగ్లీషులో చెప్పి ముగించేలోగా, నేను లండన్‌లో ఉండిపోలేనని ఆ దొరకన్నా ముందు నాకే తెలిసిపోయింది.

వీసా ఇస్తామన్నారు. బయటికొస్తే పెదనాయన, "ఏమడిగినారప్పా?" అన్నాడు.

"తిరిగొస్తావా అని."

"దానికి ఇంత దూరం పిలిపించల్నా?" అన్నాడాయన, నిజంగానే అర్థంకాక.

లండన్‌లో చివరి సాయంత్రం స్నేహితుడు నా సామాను మోసుకుపోదామని వచ్చాడు. నీతో రానని, ఊరికి తిరిగి పోతున్నానని చెప్పాను. అతను టీ ఇప్పించి, పత్తికొండలో వాళ్ళమ్మకు ఇమ్మని ఒక స్వెట్టర్ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

వానలకు ముందే చేరాలని పరుగు పరుగున వచ్చానా, ఆ సంవత్సరం నేనొచ్చి నెల దాటినా చినుకు లేదు. రైతులెవరూ రాలేదు. ఉన్న సీసాలే తుడిచి మళ్ళీ పెడుతూ ఇద్దరం అంగట్లో కూర్చునేవాళ్ళం. పెదనాయన రోజూ ఒకసారి బయటికొచ్చి మబ్బేమైనా ఉందేమోనని మొగులు చూసి, నా మీద జాలితో, "ఇంగా పది దినాలు ఆడ్నే ఉండింటే బాగుండు కదప్పా" అనేవాడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ని. ఎన్నాళ్ళు ఉండిపోదామని పోయానో ఆయనకు ఎప్పటికీ చెప్పలేకపోయాను.