ఐదు ఖాళీలు

1994లో నన్ను తెనాలి ఆఫీసులో సిస్టమ్స్ ఇంజనీరుగా వేశారు. రొయ్యలు ఎగుమతి చేసే ఓ చిన్న కంపెనీ అది. సరుకు దాచే చలిగదులు రేపల్లెలోనూ బాపట్లలోనూ ఉండేవి, పెద్ద కంప్యూటరు మాత్రం మా దగ్గర. ఆ రెండూళ్ల ఆపరేటర్లు టైపు చేసిన కబురు టెలిఫోను లైను మీద మాకొచ్చేది. దాన్ని అందుకుని రాసిపెట్టడానికి తెర వెనక ఒక ప్రోగ్రాము ఎప్పుడూ నడుస్తూ ఉండేది. మా వృత్తిలో దాని పేరు డీమన్. ఆఫీసులో అందరూ దెయ్యం అనేవారు. కాదనే ఓపిక నాకూ లేకపోయింది.

ఆ దెయ్యానికి వాగుడెక్కువ. లైను కలిసినా, తెగినా, ఊరికే ఉన్నా పక్కనున్న ప్రింటరు మీద ఓ ముక్క కరకరా కొట్టేది. మేనేజరుగారికి తలనొప్పి వచ్చేసింది. దాని నోరు మూయించి, ముఖ్యమైన కబుర్లే ఫైల్లో పడేట్టు చూడవయ్యా అని మా ఆఫీసులోనే జూనియర్ ఇంజనీరుగా ఉన్న బాపట్ల కుర్రాడు సుబ్బారావుకి పురమాయించారు. నేనప్పుడు సెలవులో ఉన్నాను. ఏ కబురు ఎక్కడికి పోవాలో చెప్పే చిన్న ఫైలు ఒకటుంటుంది. ఎడమవైపు కబురు రకం, కుడివైపు అది చేరాల్సిన చోటు. సుబ్బారావు ఆ వరసలు మార్చాడు. ప్రింటరు ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నారట అందరూ.

నేను తిరిగొచ్చేసరికి రేపల్లెలో చలిగదిని చల్లబరిచే కంప్రెసర్ ఆగి సరుకంతా కుళ్లిపోయింది. అక్కడి ఆపరేటరు సుగుణగారు మెకానిక్కుని పంపమని కబురే పెట్టలేదని మేనేజరుగారి ఆరోపణ. మా ఫైల్లో ఒక్క అక్షరం లేదు మరి. పెట్టానండి, ఉన్న ఒక్క ఫోను లైనూ కంప్యూటరుకే ఇచ్చేశారు కదండి, ఇంకెలా చెప్పను అని ఆవిడ మొత్తుకుంటున్నారు. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ జీతం మీదే చదివించుకుంటున్న మనిషి. సంజాయిషీకి తెనాలి పిలిపించి, పక్క గదిలో ఉద్యోగం తీసేసే కాగితం టైపు చేయిస్తున్నారు.

కబుర్లు పడే ఫైలు తెరిచి చూస్తే సుబ్బారావు చెయ్యి పెట్టిన దగ్గర్నుంచీ ఖాళీయే. బాపట్ల నుంచి కూడా ఏమీ లేదు. కబురు లేదంటే గొడవ లేదనుకుని అంతా హాయిగా కూర్చున్నారు, ఏం మనుషులో! సుగుణగారిని మా టెర్మినల్ ముందు కూర్చోబెట్టి, ఆ రోజు కొట్టిన కబురే మేనేజరుగారి ఎదుట మళ్లీ కొట్టమన్నాను. కొట్టారు. ఫైల్లో ఏమీ పడలేదు.

సుబ్బారావు మార్చిన ఆ చిన్న ఫైలు తెరిచి ఒక్కో అక్షరం జరిపి చూస్తే, రెండు వరసల మధ్యా ఐదేసి ఖాళీలున్నాయి. అలాగని వాడిది తప్పనడానికీ నోరు రాదు. వాడు టైపు హయ్యర్ పాసైనవాడు. వాళ్ల ఇన్‌స్టిట్యూట్‌లో మిషన్లకి, ఒక్క నొక్కుతో జాగా వదిలే ట్యాబ్ మీట పనిచేసేది కాదట. జాగా వదలాలంటే స్పేస్ బార్ ఐదుసార్లు కొట్టమని నేర్పారు. ఇక్కడా అలాగే కొట్టాడు. మా డీమన్‌కి రెండు వరసల మధ్యా ట్యాబే కావాలి. ఖాళీలు కనిపిస్తే కిక్కురుమనకుండా ఆ పంక్తి వదిలేస్తుంది. కంటికి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి.

ఖాళీలు తీసి ట్యాబ్ కొట్టాను. ఫైలు మళ్లీ చదవమని డీమన్‌కి చెప్పాను. ఆవిడ ఇంకోసారి కొడితే కబురు వెంటనే పడింది.

మేనేజరుగారు కాగితం చింపేశారు. పొరపాటైందమ్మా అని మాత్రం అనలేదు. సుగుణగారు సంచీ భుజానేసుకుని, కంప్యూటరు రాయకపోతే నేను అబద్ధాలకోరునైపోయానండి, రేపల్లె వచ్చి నన్ను ఒక్కరైనా అడిగారా అన్నారు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ వరసల ఫైలు ముట్టుకున్నప్పుడల్లా ఓ ఉత్తుత్తి కబురు పంపి, అది పడ్డాకే కుర్చీలోంచి లేచేవాణ్ణి. ఏ ఊరి నుంచైనా కబురు రాలేదని కనిపిస్తే, ఏ కాగితం రాయకముందే ఆ ఊరు వెళ్లి, ఆ మనిషిని అడిగేవాణ్ణి.