తలూపితే ఒప్పుకోని డాక్టరు

డాక్టరు గోండ్వేకి ఒకటే జబ్బు. ఎవరికి ఏం చెప్పినా, చివర్లో "ఇప్పుడు నేనేం చెప్పాను? చెప్పు" అంటాడు. రోగులనే కాదు, ఎవరినీ వదలడు. ఒకసారి మినీబస్సు కండక్టరుకి తాను దిగాల్సిన చోటు చెప్పి, మళ్లీ చెప్పించుకున్నాడు. కండక్టరు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పి, రెండు స్టాపుల ముందే దింపేశాడు. తన పెళ్లిలోనే పెళ్లికూతురు "సరే" అనగానే "దేనికి సరే?" అన్నాడట. ఆవిడ ఇప్పటికీ ఆ మాటకి మండిపడుతుంది.

పదకొండేళ్లు ఆయన దగ్గర నర్సుగా చేశాను. నా ప్రాణం తోడేశాడు మహానుభావుడు! బయట నలభైమంది మూలుగుతూ కూర్చుంటే, లోపల ఒక్క మాత్ర గురించి పరీక్ష నడుస్తూ ఉండేది.

"చిన్నపిల్లలా వీళ్లు, పాఠం అప్పజెప్పడానికి?" అన్నానొకసారి విసుగొచ్చి.

"మన రుంఫీ జిల్లాలో డాక్టరుకి ఎదురు చెప్పడం మర్యాద కాదు సిస్టర్. అర్థం కాకపోయినా తలూపుతారు. ఆ తలూపుడు నమ్మి ఎంతమందిని పోగొట్టుకున్నామో నీకు తెలీదూ?"

తెలుసు. వెళ్లి తర్వాతి రోగిని పిలిచాను.

ఒక ఏడాది, వానలకి ముందు న్యాలుంగు అవ్వ వచ్చింది. చక్కెర జబ్బు. కుడి పాదం నల్లబడిపోయింది. మోకాలి కింద కాలు తీసేయకపోతే మనిషి దక్కదు. మా ఆసుపత్రి పెద్ద డాక్టరు నిలబడే ఆ మాట చెప్పి వెళ్లిపోయాడు. అవ్వ తలూపింది, వేలిముద్ర వేసింది. ఆపరేషన్ గదికి తోసుకెళ్తుంటే గోండ్వే అడ్డం పడ్డాడు.

"అవ్వా, నీకేం చేస్తామన్నారు?"

"పాదం కడిగి కట్టు కడతారంటయ్యా. ఆదివారానికి ఇంటికెళ్లి మొక్కజొన్న విత్తుకోవాలి."

స్ట్రెచర్ వెనక్కి తిరిగింది.

"ముసలిది పోతే నీదే పూచీ!" అని అరిచాడు పెద్ద డాక్టరు.

గోండ్వే మంచం పక్కన చాప మీద కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పాడు. అవ్వ గుండెలు బాదుకుంది. "కాలు నరుకుతావురా, పాపిష్టోడా!" అంటూ తింటున్న మొక్కజొన్న సంకటి, న్సీమా పళ్లెం ఆయన మీదికి విసిరింది. చొక్కా నిండా ముద్దలే. తుడుచుకుని మళ్లీ మొదటినుంచి చెప్పాడు. అవ్వ గోడవైపు తిరిగిపోయింది. జ్వరం పెరుగుతోంది. తలూపినప్పుడే కోసేసి ఉంటే బతికేది కదా అని నేను లోలోపల ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున అవ్వే పిలిచింది.

"కాలుంటే నేను పోతాను. కాలు పోతే నేనుంటాను. అంతేనా?"

"అంతే అవ్వా."

"అయితే తియ్యి. కానీ దాన్ని మంటల్లో పారేశావంటే ఊరుకోను. మా ఆయన సమాధి పక్కన పాతిపెట్టు. ఎడంపక్కన. ఇప్పుడు నేనేం చెప్పాను? చెప్పు!"

వార్డంతా గొల్లున నవ్వింది. డాక్టరుగారు తడబడి "కుడిపక్కన" అన్నాడు. అవ్వ ఇంకోసారి చెప్పించింది.

ఆపరేషన్ అయ్యాక, శనివారం ఆయన ఆ కాలి మూటని సైకిలుకి కట్టుకుని, అప్పుడే మొదలైన జోరువానలో అవ్వ ఊరికి పంతొమ్మిది కిలోమీటర్లు తొక్కాడు. ఊరిపెద్ద గొడుగు పట్టుకుని వచ్చి, "మనిషి బతికుండగా పాతిపెట్టడమేంటయ్యా?" అని తగువు వేసుకున్నాడట. డాక్టరు బతిమాలి ఒప్పించి, తనే గొయ్యి తవ్వాడు.

తిరిగొచ్చేసరికి ఒళ్లంతా బురద. అలాగే నేరుగా అవ్వ మంచం దగ్గరికి వెళ్లాడు.

"ఎడంపక్కనే పెట్టాను. ఒక చివరకి పెట్టాను, రేపెప్పుడైనా నీ మిగతా ఒళ్లు కూడా పట్టేలా. తొందరేం లేదు."

అవ్వ దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వింది.