బోర్లా పడిన గిటారు

ఆ రోజుల్లో అంటే తాతల కాలం సంగతేం కాదు, పట్టుమని పదేళ్ళు కూడా కాలేదు. కానీ ఇరవైరెండేళ్ళ వయసులో నాకున్న తెలివితేటలు తలుచుకుంటే అదేదో వేరే యుగమనే అనిపిస్తుంది. అప్పట్లో నాకు తెలియని విషయం లోకంలో లేదు. డిప్లొమా చేతికొచ్చిన ఆర్నెల్లకే గుడివాడలో ఒక తలుపుల షాపులో సీఎన్సీ మిషను నడిపే ఉద్యోగం దొరికింది. కంప్యూటర్లో బొమ్మ గీసి మీట నొక్కితే చాలు, బల్ల మీద బిగించిన చెక్కని ఆ మిషను దానంతటదే చెక్కేస్తుంది. లక్ష్మీదేవి అడిగితే లక్ష్మీదేవి, నెమళ్ళు అడిగితే నెమళ్ళు. మనిషి నెలరోజులు కూర్చుని చేసే పని మధ్యాహ్నం భోజనాల వేళకి ముగిసిపోయేది. నేను పక్కన కుర్చీలో కూర్చుని, అదంతా నా చేత్తో చెక్కినట్టు మొహం పెట్టేదాన్ని.

ఆ నెలరోజులు కూర్చునే మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. మాది పెడన. కలంకారీ గుడ్డల మీద అద్దడానికి టేకు అచ్చులు చెక్కడం మా నాన్న పని. పదో తరగతి దాకా నేనూ ఆయన పక్కన కూర్చుని ఉలి పట్టినదాన్నే. "నా తర్వాత నువ్వే" అని ఆయన నోటితో ఎప్పుడూ అనలేదు గానీ, నా చేతి కొలతకి చిన్న చిన్న పిడులు వేయించి ఉలులు ఇచ్చాడంటే అర్థం అదే కదా. అలాంటిదాన్ని పోయి పోయి మిషను పక్కన చేరాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. సాయంత్రం నేను బస్సు దిగి ఇంట్లోకి రాగానే, చేతిలో పని మీంచి తలెత్తకుండా, "మీ మిషను గారు కులాసాయేనా అమ్మాయ్? ఎండకి సోలిపోలేదు గదా?" అనేవాడు. అమ్మ పమిట అడ్డం పెట్టుకుని నవ్వేది. నాకు ఒళ్ళు మండిపోయేది. మా నాన్న చేత ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఇదీ పనేనని అనిపించుకోవాలని నా పంతం. దేవుడి గది తలుపులకి లొంగే మనిషి కాదాయన. ఫోనులో ఫొటో చూపిస్తే, "బాగుంది. అన్ని నెమళ్ళూ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి" అనేవాడు.

అలాంటి రోజుల్లో మా షాపుకి గిటారన్నయ్య వచ్చాడు. (అసలు పేరు వేరే ఉంది, మేం పెట్టుకున్న పేరిది.) నాగాయలంక అవతల సముద్రానికి దగ్గరున్న ఊళ్ళో చర్చిలో గిటారు వాయిస్తాడు. ఉప్పుగాలికి ఆయన పాత గిటారు వంకరపోయింది. క్రిస్మస్ ఆరాధన నాటికి మంచి కర్రతో కొత్త ఎలక్ట్రిక్ గిటారు చేయించుకోవాలని ఆయన కోరిక. మెడా, తీగలూ, వైర్లూ ఆన్‌లైన్లో తెప్పించి పెట్టుకున్నాడు. కావలసింది ఒళ్ళు మాత్రమే. అందుకోసం విశాఖపట్నం డిపోలో ఆఫ్రికా నుంచి వచ్చిన పడాక్ అనే కర్ర, ఒకే ఒక్క పలక, ఎన్నాళ్ళో తిరిగి సంపాదించాడు. ఆ కర్ర రంగు చూడాలి, పారాణి పెట్టినట్టు ఎర్రగా ఉంటుంది. అదే ఆయన ప్రాణానికొచ్చింది. దారిపొడుగునా కనిపించిన ప్రతివాడూ "ఎర్రచందనమా?" అని అడిగాడట. చివరికి డిపో బిల్లుకి లామినేషన్ చేయించి, దారం కట్టి, పలక మెడలో వేసి తీసుకొచ్చాడు. "ఇది పోతే మళ్ళీ దొరకదు సిస్టర్, కాస్త చూసి చెయ్యండి" అన్నాడు. మా ఓనరు, అందరం గుమ్మాల బాబాయ్ అనేవాళ్ళం, "గిటారంటే ఏముందండీ, మెడ ఉన్న తలుపే గదా" అని ధైర్యం చెప్పాడు.

గిటారన్నయ్య తన స్నేహితుడి గిటారుని ట్రేసింగు కాయితం మీద పెట్టి చుట్టూ గీసుకొచ్చాడు. పైకొమ్ము పొడుగు, కిందికొమ్ము పొట్టి, మెడ కూర్చునే గుంట, వైర్ల గుంటలు, అన్నిటికీ స్కెచ్ పెన్నుతో పేర్లు రాశాడు. దాన్ని స్కానింగు చేసి కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. ఇక్కడ మా ఇంటి విద్య ఒకటి చెప్పాలి. అచ్చు మీద బొమ్మ తిరగేసి ఉంటేనే గుడ్డ మీద సూటిగా పడుతుంది. అందుకని బొమ్మ గీసిన కాయితాన్ని చెక్క మీద బోర్లా వేసి అంటిస్తారు. అఆలు దిద్దకముందే మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం, "కాయితం బోర్లా." చెక్కకోసం కాయితం చేతిలోకి తీసుకుంటే అది నా చేతిలో దానంతటదే బోర్లా తిరుగుతుంది. ఆ రోజూ తిరిగింది. ట్రేసింగు కాయితం కదా, గీతలు ఇటు నుంచీ అటు నుంచీ ఒకేలా కనపడతాయి. ఇంకొకరైతే తెర మీద అక్షరాలన్నీ తిరగబడి కనిపించగానే ఉలిక్కిపడేవాళ్ళు. అచ్చుల ఇంట్లో పుట్టిన నాకు తిరగబడిన అక్షరాలు చదవడం మంచినీళ్ళ ప్రాయం. "మెడ గుంట", "మీటల గుంట" అని హాయిగా చదువుకుంటూ గీతలన్నీ దిద్దేశాను. మీట నొక్కాను. ఎర్రటి పొట్టు షాపంతా ఎగిరింది. నా జడ, బాబాయ్ మీసాలు, టీ గ్లాసులు అన్నీ కుంకుమ చల్లినట్టయ్యాయి. రెండు గంటల్లో పలక నున్నగా గిటారై కూర్చుంది.

అప్పుడైనా పట్టుబడాల్సిందే. కానీ బాబాయ్ దాన్ని భుజానికి తగిలించుకున్నట్టు పట్టుకుని సెల్ఫీ దిగాడు. సెల్ఫీలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. తిరగబడిన గిటారు ఫొటోలో చక్కగా తిన్నగా వచ్చింది. అది చూసి గిటారన్నయ్య ఫోన్లో "దేవునికి స్తోత్రం" అన్నాడు. అదే ఫొటో నేను నాన్నకి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని కాస్త ఎక్కువసేపే చూశాడు. నేను గాల్లో తేలిపోతూ పడుకున్నాను.

రెండోరోజు గిటారన్నయ్య మెడ పట్టుకొచ్చాడు. ఒళ్ళు చేతిలోకి తీసుకున్నాడు. ఒకసారి ఇటు తిప్పాడు. ఒకసారి అటు తిప్పాడు. పొడుగు కొమ్ము పైన ఉండాల్సింది కిందికి వచ్చింది, మీటల గుంట కింద ఉండాల్సింది ఆయన గడ్డం కిందికి వచ్చింది. తర్వాత మెల్లగా, "సిస్టర్, ఇది ఎడమచేతి వాళ్ళు వాయించేదండీ" అన్నాడు. నా గుండె జారి ఆ పొట్టులో పడింది. బాబాయ్ తల గోక్కుని, "తలుపైతే బందులు అటువైపు కొట్టేద్దుం" అన్నాడు. డిపోకి ఫోన్ చేస్తే ఆ కర్ర మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. గిటారన్నయ్య నన్ను ఒక్క మాట అనలేదు. పైగా, "పర్వాలేదు సిస్టర్, ఇంకా మూడు వారాలుంది గదా, ఎడమచేత్తో నేర్చుకుంటాను" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి బుకాయించేదాన్ని. ఆ మాటకి మాత్రం భోరున ఏడ్చేశాను.

ఇక మిగిలింది ఒకటే దారి, అది మా ఇంటికి పోతుంది. నాన్న దగ్గరికి ఈ గిటారుతో వెళ్ళడం కంటే ఉద్యోగం మానేసి బందరు బీచిలో మొక్కజొన్న పొత్తులు కాల్చుకోవడం నయమనిపించింది. అయినా దానికి దుప్పటి చుట్టి బస్సెక్కాను. (గుడ్లవల్లేరులో కండక్టరు దుప్పటి కొస ఎత్తి చూసి, "ఎర్రచందనమా?" అన్నాడు. ఆ ఏడుపులో డిపో బిల్లు దానికి కట్టి తేవడం మర్చిపోయాను. ఏడుస్తున్న మొహం చూసి పాపం వదిలేశాడు.)

నాన్న వసారాలో పనిలో ఉన్నాడు. మిషను గారి కుశలం అడగబోయి, నా మొహం చూసి ఆగాడు. నేను దుప్పటి తీసి ముందు పెట్టాను. ఆయన వేలితో అంచు చుట్టూ నిమిరాడు. గుంటలు తడిమాడు.

"కాయితం బోర్లా వేశావా?"

"వేశాను."

"ఎవరు నేర్పారే నీకు?"

"నువ్వే."

అంతే, మా నాన్న నవ్వడం మొదలుపెట్టాడు. చేతిలో ఉలి కింద పెట్టి మరీ నవ్వాడు. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. నాన్న కళ్ళనీళ్ళు తుడుచుకుని, "మొన్న ఫొటోలో మీ బాబాయ్ చొక్కా జేబు కుడివైపుకి వచ్చిందేమిటా అనుకున్నా" అన్నాడు. తర్వాత గిటారుని ఎత్తి, దోసె తిరగేసినట్టు తిరగేసి పెట్టాడు. పొడుగు కొమ్ము దాని చోటుకి అది వచ్చేసింది. "ఇది చెడిపోలేదే పిచ్చిదానా. వెనక్కి తిరిగి కూర్చుంది. వీపుని మొహం చేస్తే సరి. ఈ గుంటలు పూడ్చి, ఇటువైపు కొత్తవి తియ్యి."

గుంటలు పూడ్చడానికి ఆయన అటక మీంచి అరిగిపోయిన అచ్చులు దింపాడు. వేల గజాల గుడ్డ అద్ది అద్ది నునుపు తేలిన పాత టేకు. మామిడిపిందె ఉన్నది ఒకటి, లతలున్నవి రెండు ఏరి, గుంటల కొలతకి కోసి, గాలి దూరకుండా బిగించి, జిగురు పోసి నాలుగు రోజులు బరువు పెట్టాడు. ఎర్రకర్రలో ఆ మామిడిపిందె ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. ముందువైపు గుంటలు కూడా నువ్వే తియ్యవా అని అడిగాను. "తప్పు చేసింది నువ్వు, మీ మిషను గారు కాదు. దాని పని దాన్ని చెయ్యనీ" అని చొక్కా తొడుక్కుని, జీవితంలో మొదటిసారి మా షాపుకి బయల్దేరాడు.

బాబాయ్ కుర్చీ తుడిచి వేసినా నాన్న కూర్చోలేదు. కాయితం మాత్రం నా చేతికివ్వలేదు. "ఇది నీ చేతిలో నిలవదు" అని తనే వెలుతురుకి పట్టి చూసి, స్కానరు మీద పెట్టి, అక్షరాలు తెర మీద తిన్నగా వచ్చేదాకా మూడుసార్లు చూసుకున్నాడు. మిషను నడుస్తున్నంతసేపూ రెప్ప వెయ్యలేదు. అది ఆగాక పొట్టు ఊదుకుంటూ దగ్గరికి వెళ్ళాడు. మెడ గుంట మూలలు చూసి ఆయన మొహం వెలిగిపోయింది. మిషనుకి ఉలిలాంటి తిరిగే బిట్టు గుండ్రంగా ఉంటుంది గనక లోపలి మూలలు కూడా గుండ్రంగానే వస్తాయి. "మూలలు దీనికి రావన్నమాట!" అని, పరీక్షలో పక్కవాడికి ఒక మార్కు తక్కువొచ్చినంత సంతోషంగా, జేబులోంచి ఉలి తీసి (తెచ్చుకునే వచ్చాడు) మూలలన్నీ మూలమట్టానికి తేల్చాడు. కబురందుకుని వచ్చిన గిటారన్నయ్య గుంటలో మెడ పెట్టి నొక్కాడు. వెంట్రుక పట్టే సందు లేకుండా కూర్చుంది.

క్రిస్మస్‌నాడు నన్నూ నాన్ననీ పిలిస్తే పొద్దున్నే బయల్దేరి వెళ్ళాం. చర్చిలో వెనక వరసలో చాప మీద కూర్చున్నాం. గిటారు మోగిన మోతకి నా వెన్ను జలదరించింది. నాన్న పక్కకి వంగి, "ఇంత చప్పుడు ఆ కర్రలోదేనా, ఆ స్పీకరు డబ్బాలోదా?" అన్నాడు. ఆరాధన అయ్యాక అందరూ గిటారు చుట్టూ మూగారు. ముందువైపు చూసినవాళ్ళు తక్కువ, తిరగేసి మామిడిపిందె చూసినవాళ్ళే ఎక్కువ. ఒక పెద్దాయన, "ఇంత మంచి పని వీపున పెట్టారేమండీ?" అంటే గిటారన్నయ్య నావైపు చూడకుండా, "ముందుది వినేవాళ్ళకండీ, వెనకది నాకు" అన్నాడు. ఆ మంచితనానికి నేను చేతులెత్తి దణ్ణం పెట్టాల్సింది. ఇంతలో పక్కూరి చర్చిల నుంచి వచ్చిన ఇద్దరు మా దగ్గరికొచ్చి, తమకీ అలాంటి గిటార్లే కావాలనీ, వీపున బొమ్మలు మాత్రం తప్పకుండా ఉండాలనీ అడిగారు. ఇది మా షాపు ప్రత్యేకత అని చెబుదామని నేను గొంతు సవరించుకుంటున్నాను.

నాన్న ముందే అందుకున్నాడు. "తప్పకుండా చేసిపెడతామండీ, నేనూ మా అమ్మాయీ. కాకపోతే మొదట తను మళ్ళీ అంత శ్రద్ధగా తప్పు చెయ్యాలి." ఆ పైన కాయితం కథంతా పూసగుచ్చినట్టు చెప్పేశాడు. చర్చంతా ఒకటే నవ్వు. పాస్టరు గారు కూడా నవ్వారు.

తిరుగు బస్సులో నేను ఆయనతో మాట్లాడలేదు. అందరి ముందూ పరువు తీశాడని మొహం కిటికీకి తిప్పుకుని కూర్చున్నాను. నాకు ఆ రోజు వినిపించింది 'తప్పు' అన్న మాట ఒక్కటే. తను పట్టిన చెక్క మీద ఇంకొకరి ఉలి పడనివ్వని మనిషి, నన్నూ నా మిషన్నీ కలుపుకుని అంతమంది ముందు పని ఒప్పుకున్నాడని అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. చల్లపల్లిలో బస్సు ఆగితే ఆయన దిగి వేయించిన వేరుశనక్కాయలు పొట్లం కట్టించుకొచ్చి నావైపు చాపాడు. నేను అక్కర్లేదన్నాను. ఆయన ఏమీ బతిమాలలేదు. పెడన వచ్చేదాకా ఒక్కొక్కటే వొలుచుకుని, ఎంతో తృప్తిగా, అన్నీ తనే తిన్నాడు. ఆ కాయలు నేను తీసుకుని ఉండాల్సింది.