లేవు గదా

2019 వానాకాలం. పర్ణశాల రోడ్డు నుంచి అడవిలోకి చీలే దారిలో ఒక ఆరోగ్య సబ్‌సెంటర్‌లో పనిచేస్తున్నాను. ఊరి పేరు వద్దు. అప్పటికి నేను ఏఎన్‌ఎంగా చేరి పద్నాలుగేళ్లు. ఏఎన్‌ఎం అంటే ఊళ్లు తిరిగి గర్భిణులనూ పసిపిల్లలనూ చూసుకునే నర్సు. నా రిజిస్టర్లలో కొట్టివేతలుండేవి కావు, ఖాళీ గడులుండేవి కావు. కొత్తగా చేరినవాళ్లకు చూపించడానికి మా సూపర్‌వైజర్ మేడం వాటిని పట్టుకెళ్లేది. ఆ సంగతి నాకు మహా గర్వంగా ఉండేది, దాచడమెందుకు.

ఆ రోజు ఏఎన్‌సీ, అంటే గర్భిణుల చెకప్. వాగు అవతలి కోయ గూడేల నుంచి చాలామంది వచ్చారు. వాళ్ల మాట తెలిసిన ఆశా కార్యకర్త ఎవరినో కాన్పుకు తీసుకుని భద్రాచలం వెళ్లింది. వరండాలో తడిసిన గొడుగులు, బెంచీ మీద చోటు లేక గోడకు ఆనుకుని నిలబడ్డ ఆడవాళ్లు. నేను ఒక్కదాన్నే. ఉదయం నుంచి నోట్లో మంచినీళ్లు కూడా పోసుకోలేదు.

సమ్మక్క వంతు వచ్చింది. తొలిచూలు, ఎనిమిదో నెల. నాట్లు పడుతున్నాయని అత్త రాలేదు, ఒక్కతే వచ్చింది. బీపీ చూస్తే నూట నలభై, తొంభై. అది గీత మీద ఉన్న లెక్క. అంత బీపీ ఉన్నప్పుడు కూర్చోబెట్టి మళ్లీ చూడాలి, మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో పరీక్షించాలి. ఆ పరీక్షకు వాడే స్ట్రిప్స్ రెండు రోజుల కిందటే అయిపోయాయి. అంత దూరం నడిచొచ్చింది, అందుకే కాస్త ఎక్కువ చూపించింది అనుకున్నాను. ఇక మిగిలింది అడగడమే. పెన్ను రిజిస్టర్ మీద పెట్టి, తల ఎత్తకుండా అడిగాను.

"తలనొప్పి, కండ్లు మసకలు, ఏం లేవు గదా?"

"అవ్" అంది.

'ఇబ్బందులేమీ లేవు' అని రాశాను. ఐరన్ మాత్రలిచ్చి, మళ్లీ వచ్చే నెల రమ్మన్నాను. ఆమె ఒక క్షణం అక్కడే నిలబడింది. "ఇగ పో తల్లీ, వెనకాల మంది ఉన్నరు" అన్నాను. వెళ్లిపోయింది.

నాలుగో రోజు ఉదయం ఆమెకు ఫిట్స్ వచ్చాయి. గర్భిణికి బీపీ పెరిగి ఇలా ఫిట్స్ వస్తే గుర్రపువాతం అంటారు. మంచం మీద వాగు దాటించి, అంబులెన్స్ ఎక్కించి భద్రాచలం తీసుకెళ్లారు. ఆపరేషన్ చేసి పాపను తీశారు. సమ్మక్క దక్కలేదు.

తల్లి చనిపోతే డెత్ రివ్యూ జరుగుతుంది. ఎక్కడ ఆలస్యమైంది, ఎవరేం చేశారు అని విచారిస్తారు. నా వాంగ్మూలం నేను రాసిచ్చాను: 'తలనొప్పి, చూపు మసక గురించి అడిగితిని. లేవని చెప్పినది.' నిజమే రాస్తున్నాననుకున్నాను.

తర్వాతి వారం మేడంతో కలిసి గూడేనికి వెళ్లాను. సమ్మక్క అత్త లచ్చమ్మ పాపను ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుని ఉంది. మిర్చి కోతలకు తిరిగిన మనిషి, తెలుగు బాగానే మాట్లాడుతుంది.

"ముందుగాల ఏమన్న చెప్పిందా పెద్దమ్మా, తలనొప్పని గిట్ల?" అని మేడం అడిగింది.

"చెప్పకేంది? తల పలుగుతాందని వారం దినాల సంది ఏడ్సింది. నర్సమ్మకు చెప్పిరా పో అని నేనే తోలిన. చెప్పొచ్చిన అన్నది."

నేను ఉలిక్కిపడ్డాను. "నాకు చెప్పలే పెద్దమ్మా."

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు. "నువ్వు తలనొప్పి అన్నవంట, కండ్లు అన్నవంట. అది అవ్ అన్నదంట. నువ్వు రాసుకున్నవంట."

"మరి తగ్గకుంటే మళ్ల ఎందుకు రాలే?" మేడం మళ్లీ అడిగింది.

"నర్సమ్మ రాసుకున్నంక ఇంకేముంటది? భయమైతే చెప్పకపోవునా అనుకున్నం."

సమ్మక్క నాకు చెప్పింది. నా ప్రశ్నలో ఆమెకు అందినవి తలనొప్పి, కళ్లు అనే రెండు మాటలు. వాటికి అవునంది. నేను విన్నది మాత్రం చివరి 'లేవు గదా'కు జవాబు. ఆ మూడు రోజులూ నేను రాసుకున్నానన్న ధైర్యంతోనే వాళ్లు ఇంట్లో ఉండిపోయారు. నేను అసలు అడక్కపోయి ఉంటే లచ్చమ్మ ఆమెను ఇంకెక్కడికైనా తీసుకుపోయేదేమో.

తిరుగు ప్రయాణంలో మేడం అంది, "భాష సమస్య అని రాసిన. నువ్వైతే అడిగినవ్, రిజిస్టర్ల ఉన్నది. నీ తప్పేమున్నది?" నాకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గుపడాల్సిన మాటే, కానీ లేచొచ్చింది.

భాష అన్న సాకు ఎన్నాళ్లో నిలవలేదు. తెలుగు తప్ప వేరే మాట రాని ఆడవాళ్లను కూడా నేను అలాగే అడుగుతున్నానని నాకే వినపడడం మొదలైంది. 'మాత్రలు మింగుతున్నవ్ గదా', 'బిడ్డ తిరుగుతాంది గదా', 'మొగుడు కొడ్తలేడు గదా'. అందరూ అవునంటారు. ఇంట్లో నా కూతురితోనూ అంతే, 'బాగనే ఉన్నవ్ గదా'. ఎందుకలా అడుగుతానో నాకు తెలుసు. ఏదైనా ఇబ్బంది ఉందంటే మళ్లీ బీపీ చూడాలి, రెఫరల్ చీటీ రాయాలి, బండికి ఫోన్ చెయ్యాలి, ఈలోగా బయట లైను పెరుగుతుంది. లేదంటే తర్వాతి మనిషిని పిలవొచ్చు. నాకు కావలసిన జవాబును ముందే ప్రశ్నలో పెట్టి చేతికిస్తున్నాను. నా రిజిస్టర్లు అంత శుభ్రంగా ఉండడానికి కారణం అదే.

ఇంత తెలిసీ వాంగ్మూలం మార్చలేదు. ఫైలు మూసేశారు, ఇప్పుడు కదిపి ఏం లాభమని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

పాపకు ఆరు వారాలు నిండాక లచ్చమ్మ టీకాకు తీసుకొచ్చింది. మళ్లీ అదే వరండా, అదే లైను. నేను సిరంజి అందుకుంటూ అన్నాను, "పాప బాగనే ఉన్నది గదా?"

"అవ్" అంది లచ్చమ్మ.

నా మాట నా చెవికి తగిలింది. సిరంజి ట్రేలో పెట్టేశాను. స్టూలు జరుపుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"పెద్దమ్మా, పాపకేమైతాంది? నువ్వే చెప్పు."

ఆమె పాప మీది గుడ్డ సర్దింది. లైనులో ఎవరో గొణిగారు. నేను కదల్లేదు.

"నిన్నటి సంది పాలు తాగుతలేదు" అంది చివరికి. "ఎగపోస్తాంది."

గుడ్డ తీసి చూస్తే ఊపిరి తీసినప్పుడల్లా డొక్క లోపలికి పోతోంది. న్యుమోనియా. ఆ మధ్యాహ్నమే అంబులెన్స్‌లో నేనే వెంట వెళ్లి భద్రాచలంలో చేర్పించాను. పాప బతికింది.

ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు మేడం దగ్గరికి వెళ్లి, సమ్మక్కను నేనడిగిన ప్రశ్నను ఉన్నదున్నట్టు రాసిచ్చాను, 'ఏం లేవు గదా' అన్న మాటతో సహా. బీపీ రెండోసారి చూడలేదనీ రాశాను.

"ఎందుకే నీకిది, నెత్తి మీదికి తెచ్చుకుంటున్నవ్" అంది మేడం. ఆ తర్వాత మెమో వచ్చింది. నా రిజిస్టర్లను ఎవరికీ చూపించడం మానేశారు. అంతమాత్రాన సమ్మక్క తిరిగి రాలేదు, లచ్చమ్మ నన్ను క్షమించానని ఎప్పుడూ అనలేదు. టీకాలకు మాత్రం పాపను నా దగ్గరికే తెచ్చింది.

ఇప్పుడు కొత్త ఏఎన్‌ఎంలకు నేర్పేటప్పుడు ఈ కేసు చెబుతాను. 'ఏమైతాంది' అని అడిగి ఆగండి, పెన్ను కింద పెట్టండి అంటాను. వాళ్లు తలూపి రాసుకుంటారు. కానీ సమ్మక్క నాకు నేర్పింది రోగిని ఎలా అడగాలన్నది ఒక్కటే కాదు. ఆమె పోయిన దగ్గర్నుంచి పాపకు టీకా వేసే రోజు దాకా, పక్క మీద వాలిన ప్రతిసారీ నన్ను నేను ఒకే ప్రశ్న అడిగాను: "నా తప్పేం లేదు గదా?"

ప్రతిసారీ అవ్ అనే అనుకున్నాను.